రోగము ఎవరి కర్మము?

పసిబిడ్డకు మానని వ్యాధి సోకినదని తెలిసిన ఇంటిలో, వైద్యుడు రక్తపరీక్ష వ్రాసి ఇచ్చుటకు ముందే, పెద్దల మనస్సులలో ఒక ప్రశ్న లేచి నిలుచును: మాటాడనైన నేర్వని ఈ శిశువు ఏ పాపము చేసెనని ఇంత బాధ? ఈ ప్రశ్న అడుగని జాతి లోకమున లేదు. కాని మన దేశమున దానికి, ప్రశ్న పుట్టిన క్షణముననే సిద్ధముగా నుండు ఉత్తరము కలదు. వెనుకటి జన్మల దుష్కృతమే ఇప్పుడు రోగమై పక్వమునకు వచ్చినదని చెప్పుదురు. చెప్పువారు క్రూరులు కారు. తమకు తెలిసిన ఓదార్పునే వారు చెప్పుచున్నారు. ఐనను ఆ మాట వినిన తల్లి మొగమును చూచినవారు ఎవ్వరును దానిని ఓదార్పు అనజాలరు. బిడ్డ వ్యాధిగ్రస్త యన్న దుఃఖముతోపాటు, బిడ్డ దోషి యన్న తీర్పును కూడ ఆమె ఆనాటినుండి మోయవలసి వచ్చును.

ఈ విషయమును నేను హైదరాబాదు నగరమునకు ఉత్తరమున నున్న మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములను మనస్సున నుంచుకొని విచారింపదలచితిని. ఏలయన, గడచిన ముప్పది సంవత్సరములుగా, నాగపురమునకు పోవు రహదారికిని కరీంనగరమునకు పోవు రహదారికిని ఇరుప్రక్కల, ఒకనాడు జొన్నచేలును ద్రాక్షతోటలును ఉండిన నేలలలో, కర్మసిద్ధాంతమును గ్రంథములందు గాక క్రియయందు పరీక్షించు పని జరుగుచున్నది. మేడ్చల్ చేరువ, 1993లో స్థాపితమైన శాంతా బయోటెక్నిక్స్ సంస్థ. శామీర్‌పేట చెరువు దాటి తుర్కపల్లి వైపునకు పోయినచో, 1999లో రూపుదిద్దుకొని జీనోమ్ వ్యాలీ యను పేర ప్రసిద్ధమైన పరిశోధనాక్షేత్రము, అందులో భారత్ బయోటెక్ మొదలైన టీకాల కర్మాగారములు. అచట పనిచేయువారిలో ఎందరో ఉదయమున ఇంట దీపము వెలిగించి, దారిలో ఆంజనేయస్వామికి దండము పెట్టి, పిదప తెల్లని వస్త్రములు ధరించి సూక్ష్మజీవులను పెంచు పాత్రల ఎదుట నిలుచువారే. వారి ఉదయపు విశ్వాసమునకును పగటి పనికిని వైరము కలదని తలచువారు ఇరుపక్షములందును ఉన్నారు. వైరము లేదని నా అభిప్రాయము. ఐతే లేదని నిశ్చింతగా చెప్పుటకు ముందు, కర్మమును గురించి మనము తరతరములుగా చెప్పుకొనుచున్న మాటలలో ఒకదానిని విడిచిపెట్టవలసి యున్నది.

ఆ విడువదగిన మాట మన ప్రాచీన వైద్యము మహావ్యాధులను విచారించినచోట కానరాదు. చరకసంహిత విమానస్థానమున మూడవ అధ్యాయమునకు జనపదోద్ధ్వంసనీయమని పేరు. ఊళ్లకు ఊళ్లే నశించు మహావ్యాధుల విచారము అందలి విషయము. పాంచాలదేశమున, గంగాతీరమందలి కాంపిల్యనగర సమీపమున, వేసవి చివరి దినములలో అడవిదారిని సంచరించుచు, పునర్వసు ఆత్రేయుడు శిష్యుడైన అగ్నివేశునితో ఇట్లనును: నక్షత్రములును గాలియు నిప్పును దిక్కులును వికృతి చెందిన లక్షణములు కానవచ్చుచున్నవి, కొలదికాలమునకు భూమి తన సారమును కోల్పోవును, అప్పుడు ఓషధులును నిర్వీర్యములగును, కావున వాని రసము చెడకమునుపే సేకరించి భద్రపరుపవలెను. అంతట అగ్నివేశుడు, నేటి వైద్యశాస్త్రజ్ఞులు తమదని చెప్పుకొనదగిన ప్రశ్న నొకదానిని అడుగును. మనుష్యులు ప్రకృతియందును ఆహారమందును బలమందును వయస్సునందును ఒకరినొకరు పోలరు గదా, అట్టివారందరును ఒకే కాలమున ఒకే వ్యాధిచేత నశించుట ఎట్లు సంభవమని. గురువు చెప్పిన ఉత్తరము సూటియైనది. మనుష్యులు ఒకరినొకరు పోలకున్నను, అందరికిని సమానమైనవి నాలుగు కలవు: గాలి, నీరు, దేశము, కాలము. ఇవి చెడినప్పుడు జనపదము చెడును. ఇవి చెడుటకు మూలము అధర్మము, అధర్మమునకు మూలము ప్రజ్ఞాపరాధము, అనగా బుద్ధి దారితప్పి చేయు తప్పు. దేశమునకును నగరమునకును పెద్దలైనవారు ధర్మము తప్పి ప్రవర్తించినప్పుడు ఆ అధర్మము వారి ఆశ్రితులకును పౌరులకును వ్యాపించి, తుదకు గాలిని నీటిని పట్టును.

ఈ సంభాషణమున మంచముపట్టిన రోగిని వేలుపెట్టి చూపి, నీవు చేసికొన్నదే యని ఆత్రేయుడు అనలేదు. అధర్మమను మాట ఉన్నది, కాని అది జనపదమును పాలించువారి పైనను, జనపదము మొత్తము మీదను మోపబడినది. అదే అధ్యాయమున ఆయువు నియతమా అనియతమా అను ప్రశ్న వచ్చినప్పుడు, దైవమనగా పూర్వదేహమున చేసిన కర్మమనియు, పురుషకారమనగా ఈ దేహముతో చేయు యత్నమనియు, ఈ రెండింటిలో బలవంతమైనది దుర్బలమైనదానిని అణచుననియు చెప్పి, ఆయువు సర్వదా నిర్ణీతమైనచో ఓషధులును మంత్రములును హోమములును ఎవ్వరికి కావలెనని ఎదురుప్రశ్న వేయును. వైద్యుని నోట కర్మమను మాట రోగికి వినిపించు తీర్పు కాక, తన యత్నము ఎంత బలముగా నుండవలెనో తెలిపెడి కొలత యైనది.

ఇక హెపటైటిస్ బి యను కాలేయవ్యాధిని చూడుడు. కర్మవాదమునకు ఇంతకంటె కఠినమైన పరీక్ష దొరకదు. తల్లి రక్తమున నున్న వైరసు ప్రసవసమయమున శిశువునకు సంక్రమించును. అదే వైరసు పెద్దవారికి సోకినచో, నూటికి 95 మందికి పైగా దానిని జయించి బయటపడుదురు; శైశవమున సోకినచో, నూటికి 90 మందిలో అది జీవితాంతము నిలిచిపోవును. నిలిచియు దశాబ్దములపాటు ఏ బాధయు పెట్టదు. బిడ్డ పెరుగును, చదువుకొనును, పెండ్లియాడును, తన బిడ్డలను ఎత్తుకొనును. నడివయస్సున ఒకనాడు కాలేయము గట్టిపడియో, దానియందు క్యాన్సరు పుట్టియో, కుటుంబమునకు ఆధారమైన మనిషి కూలిపోవును. పుట్టుకతో వచ్చుట, కంటికి కనబడక ఉండుట, తన కాలము వచ్చినప్పుడు మాత్రమే ఫలించుట, అంతవరకు ఎవ్వరి విన్నపమును వినకుండుట: ప్రారబ్ధమునకు మన వేదాంతులు చెప్పిన లక్షణములన్నియు ఈ వ్యాధియందు మూర్తీభవించి యున్నవి. ప్రారబ్ధము అనుభవించియే తీరవలెనని కూడ వారు చెప్పిరి. కాని శిశువు పుట్టిన 24 గంటలలోపల తొడకు వేసిన ఒక సూదిమందు, దాని తరువాత కొన్ని వారములకు వేసిన మరికొన్ని మోతాదులు, ఈ ప్రారబ్ధమును చాలవరకు నాటుకొనకముందే త్రెంచివేయును. తైవాను దేశము 1984లో శిశువులకు ఈ టీకా వేయు జాతీయ కార్యక్రమమును ఆరంభించెను. పదుమూడేండ్ల పిమ్మట, 1997లో, అచటి బాలలలో కాలేయపు క్యాన్సరు తగ్గినదని వైద్యులు లెక్కలతో ప్రకటించిరి.

ఆ 1997లోనే, ఆగస్టు మాసమున, మేడ్చల్ సంస్థ తన షాన్‌వాక్-బి టీకాను వెలువరించినది. దీని కథ తెలుగువారికి కొంత తెలిసినదే యైనను మరల చెప్పుకొనదగినది. వైరసు ఉనికిని పట్టించిన ఆస్ట్రేలియా ప్రతిజనకమును బరూచ్ బ్లంబర్గ్ బృందము 1965లో ప్రకటించెను. అందులకు ఆయన 1976లో నోబెల్ బహుమతిని పొందెను. వైరసు పైపొరలోని ఒక్క మాంసకృత్తును ఈస్టు కణములచేత తయారుచేయించి, దానినే టీకాగా వాడు పద్ధతి 1986 నాటికి అమెరికాలో సిద్ధించినది. కాని ఆ టీకా మన దేశమునకు దిగుమతి యైనప్పుడు ఒక్కొక్క మోతాదు వందల రూపాయల ధర పలికెను. ఎవరి బిడ్డలకు అది ఎక్కువ అవసరమో వారి ఇండ్లలో ఆ ధర ఒక మాసపు బియ్యమునకు సమానము. వృత్తిచేత ఎలక్ట్రానిక్స్ ఇంజనీరైన కె.ఐ. వరప్రసాదరెడ్డిగారు తమ తల్లి పేర ఈ సంస్థను స్థాపించి, తొలుత ఉస్మానియా విశ్వవిద్యాలయపు ప్రయోగశాలలోను, పిదప సీసీఎంబీ యను జీవశాస్త్ర పరిశోధనాసంస్థలోను శాస్త్రజ్ఞులచేత పనిచేయించి, నాలుగేండ్లలో అదే టీకాను ఈ నేలమీద, సామాన్యునకు అందు ధరకు తెచ్చిరి. 2002–03లో ప్రయోగాత్మకముగా మొదలైన ప్రభుత్వ కార్యక్రమము 2011లో దేశమంతటికిని విస్తరించినది.  

కర్మవాది ఇచట ఊరకుండడు. ఆ బిడ్డకు టీకా అందుట కూడ దాని పూర్వపుణ్యమే, అందని బిడ్డకు అందకపోవుట దాని పాపమే యనును. తర్కదృష్టితో ఈ వాదమును ఓడించుట అసాధ్యము. జరిగినదానికెల్ల జరిగిన తరువాత కారణమగునట్టి సూత్రమును ఏ సాక్ష్యమును కదలింపజాలదు. కాని ఈ వాదము చెప్పువాని చేత ఏమి చేయించునో చూడవలెను. ధర వందలలో నున్నంతకాలము లక్షలాది శిశువులు పాపులై యుండి, ధర తగ్గిన సంవత్సరమున ఒక్కసారిగా పుణ్యాత్ములైరని నమ్మవలసి వచ్చును. శిశువుల పూర్వజన్మలు ఔషధముల ధరల పట్టికను అనుసరించునని ఏ ఋషియు చెప్పలేదు. ఎవరి కర్మకు ఎవరు కర్తలని మనవారు అలవాటుగా అనుమాట, తన దుఃఖమును తాను సహించునప్పుడు ధైర్యమునిచ్చు మాటయే. రాత్రింబవళ్లు నొప్పితో నున్న మనిషి తన మనస్సునకు తాను చెప్పుకొన్నప్పుడు దానిని కాదనుటకు ఎవ్వరికిని అధికారము లేదు. ఆ మాటనే ఇరుగింటి బిడ్డను చూపి పలికినప్పుడు అది దయను ఎండించును, యత్నమును నిలిపివేయును. నేను విడువవలెనన్నది సిద్ధాంతమును కాదు, దానిని పరులమీద ప్రయోగించు అధికారమును.

శాస్త్రములు చదువని మన పల్లెలు ఈ అధికారమును ఎన్నడును కోరలేదు. బిడ్డకు మశూచి వచ్చినప్పుడు తెలంగాణమున ఊరిలో ఎవ్వరును ఆ బిడ్డ పాపము చేసినదనలేదు. అమ్మవారు పోసినదనిరి, తల్లి వచ్చినదనిరి. రోగి దోషి కాదు, అమ్మవారు దిగిన ఇల్లు. కాబట్టి ఆ బిడ్డ చుట్టు వేపమండలు పరచిరి, చల్లని ఆహారము పెట్టిరి, ఆ ఇంట గొంతెత్తి మాటాడరైరి. పోచమ్మకు మ్రొక్కిన మ్రొక్కు ఒక్క ఇంటిది కాదు, ఊరిది. ఆషాఢమున స్త్రీలు వేపరెమ్మలు కట్టిన కుండలలో అన్నము వండి, పైన దీపముంచి, తలమీద మోసికొనిపోవు బోనముల పండుగలో ప్రతి ఇంటి కుండయు ఊరి క్షేమమునకే. సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి ఆలయపు కథయు అట్టిదే: 1813 ప్రాంతమున మహామారి చెలరేగినప్పుడు, సైన్యమున డోలీ మోయు సురిటి అప్పయ్య ఉజ్జయినిలో నుండి తన ఊరిజనము బ్రదికినచో అమ్మవారిని ఇచట నిలిపెదనని మ్రొక్కుకొనెననియు, 1815లో ఆ మ్రొక్కు చెల్లించెననియు స్థలచరిత్ర చెప్పును. ఆయన తన ప్రాణముకొరకు మ్రొక్కలేదు. కాంపిల్యపు గురువునకును, ఈ డోలీ మోయు భక్తునకును పరిచయము లేదు; ఐనను వ్యాధి జనపదమునకు చెందినదని ఇరువురును ఎరుగుదురు. టీకాలశాస్త్రము అదే విషయమును మూడవ భాషలో చెప్పినది. ఒక ఊరిలో తగినంతమంది టీకా వేయించుకొన్నచో, వేయించుకొనజాలని నవజాతశిశువునకు కూడ రక్షణ కలుగునని అది లెక్కగట్టినది. మశూచికి మన దేశపు చివరి కేసు 1975లో నమోదైన పిదప, అమ్మవారు పోసిన బిడ్డ ఏ ఇంటను లేదు. బోనములు మాత్రము నేటికిని సాగుచున్నవి, సాగవలెను కూడ.

తుర్కపల్లిలో తయారగు టైఫాయిడు టీకా కథ ఈ లెక్కను మరింత దూరము తీసికొనిపోవును. భారత్ బయోటెక్ వారి టైప్‌బార్ టీసీవీని పరీక్షించుటకై ఇంగ్లండులో, ఆక్స్‌ఫర్డు నగరమున, నూరుమందికి పైగా ఆరోగ్యవంతులు స్వచ్ఛందముగా ముందుకు వచ్చిరి. వారిలో కొందరికి టీకా వేసి, కొందరికి వేయక, అందరిచేతను సజీవమైన టైఫాయిడు సూక్ష్మజీవులను త్రాగించిరి. వైద్యుల పర్యవేక్షణమున, మందులు సిద్ధముగా నుంచుకొని జరిగిన ప్రయోగమే యైనను, ఎవరో ముక్కుమొగము తెలియని శిశువుల కొరకు రోగమును చేజేతుల త్రాగుట సామాన్యమైన పని కాదు. ఫలితములు 2017లో ప్రకటితములైనవి; దరిమిలా ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ టీకాకు ఆమోదము తెలిపెను. సరిగా ఆ కాలముననే పాకిస్తానమున, సింధుదేశమందలి హైదరాబాదు నగరమున, 2016 చివరినుండి, ఇంచుమించు మందులన్నింటిని ధిక్కరించు టైఫాయిడు వ్యాపించుచుండెను. ఈ హైదరాబాదు శివారున తయారైన టీకా ఆ హైదరాబాదు పిల్లలకు వేయబడినది. 2019లో సింధు రాష్ట్రమున అది నిత్యకార్యక్రమమున చేరినది. రెండు దేశముల నడుమ మాటలు కూడ కరవైన సంవత్సరములవి. ఆక్స్‌ఫర్డులో రోగము త్రాగినవాని పుణ్యము సింధులోని శిశువునకు ఆరోగ్యమై ఫలించినప్పుడు, కర్మము చేసినవాడు ఒకడు, ఫలము పొందినవాడు మరొకడు. వ్యక్తికొక్కటిగా విడివిడిగా వ్రాసిన చిట్టాలలో దీనికి చోటు లేదు. నిష్కామకర్మమను మాటకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము నాకు తెలియదు.

ఆ సింధు టైఫాయిడు మందులకు లొంగనిదెందుకైనది? సూక్ష్మజీవులు ఔషధముల నడుమ అడ్డూ ఆపూ లేక పెరిగినచో వానిని ఓర్చుకొన నేర్చును. ఇచట మన నగరపు సిగ్గును దాచుట తగదు. 2007లో స్వీడను దేశపు పరిశోధకులు, ఇదే హైదరాబాదునకు పడమటనున్న పటాన్‌చెరువులో, సుమారు 90 ఔషధపరిశ్రమల మురుగును శుద్ధిచేయు కేంద్రమునుండి వెలువడు నీటిని పరీక్షించి, ఒక లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నదని ప్రకటించిరి. మందుగా వేసికొన్న రోగి రక్తమున ఉండునంతకంటె అది ఎక్కువ. శుద్ధిచేసినదని వదలిన నీటిలో అంత మందు! ఆత్రేయుడు అడవిదారిలో చెప్పిన మాట ఇప్పుడు మరల చదువుడు. నీరు చెడును, భూమి చెడును, అంతట ఓషధులు నిర్వీర్యములగును. ఇంత ఖచ్చితముగా ఆ మాట ఫలించునని ఆయన శిష్యుడైనను ఊహించియుండడు. ఈ అధర్మము ఏ రోగిది? చెరువునీటితో పొలము తడుపుకొన్న రైతుది కాదు, ఆ నీటిలో ఆడుకొన్న పిల్లవానిది కాదు. లాభమునకై మురుగును సరిగా శుద్ధిచేయని పెద్దలది, చూచియు చూడనట్లున్న అధికారులది. కర్మమను మాటకు నిజముగా తగిన తావు ఇచట ఉండగా, మనము దానిని పోయి పోయి ఉయ్యాలలోని బిడ్డమీద వాడుచున్నాము. ప్రాణములు నిలుపు టీకాలకును ప్రాణములు తీయు మురుగునకును ఒకే నగరము తల్లియైనప్పుడు, మేడ్చల్ కీర్తిని పాడుకొనువారు పటాన్‌చెరువును కూడ తమ లెక్కలో వ్రాసికొనవలెను.

జనపదమన్నప్పుడు మనుష్యులు మాత్రమేనా? ఈ ప్రశ్నయే నన్ను ఎక్కువగా కలతపెట్టుచున్నది. భారత్ బయోటెక్ వారి కోవిడ్ టీకా యైన కొవాగ్జిన్ 2021 జనవరి 3వ తేదీన అత్యవసర వినియోగమునకు అనుమతి పొందుటకు ముందు, 20 రీసస్ కోతులమీద పరీక్షింపబడినది; ఐదేసి కోతులను నాలుగు గుంపులుగా చేసి, మూడు గుంపులకు టీకా వేసి, ఒకదానికి వేయక, పిదప అన్నింటికిని వైరసును సోకించిరి. ఆ టీకా కొరకు వైరసును పెంచు వీరో కణములు ఆఫ్రికా ఖండపు ఆకుపచ్చకోతి మూత్రపిండమునుండి 1962లో జపానులో తీసినవి. ఆ కణములను పెంచుటకు లేగదూడల రక్తరసము వాడుదురు, తుదిటీకాలో అది మిగులదు. భారత వైద్య పరిశోధన మండలి వారి జంతువనరుల జాతీయకేంద్రము జీనోమ్ వ్యాలీలోనే ఉన్నది. దానికి చేరువనే కీసరగుట్ట. కాశినుండి శివలింగములు తెచ్చుటలో ఆలసించిన హనుమంతుడు, శ్రీరాముడు అప్పటికే వేరొక లింగమును ప్రతిష్ఠించుట చూచి, తాను తెచ్చిన లింగములను గుట్టమీద వెదజల్లెనని చెప్పు క్షేత్రమది. ఆ గుట్టమీద కోతికి అరటిపండు పెట్టిన చేతికే, కోతిజాతివలన సిద్ధించిన సూదిమందు పొడువబడినది.

ఇది హింస కాదని నేను చెప్పను. హింసయే. అవసరమైన హింస యని చెప్పి ఊరకుండుటయు నాకు ఇష్టము లేదు, ఏలయన అవసరమను మాట అనుభవించు జంతువు నోటినుండి రాలేదు. పల్లెలో పోచమ్మ ముందర ఊరి కొరకు మేకపోతును కోయునప్పుడును ఇదే జరిగినది: జనపదపు వ్యాధికి ఒక మూగప్రాణి వెలచెల్లించినది. ఆ బలిని నేను సమర్థింపను. కాని ఊరివారు ఆ మేకను చూచిరి, దానికి పసుపు పూసి బొట్టుపెట్టిరి, తాము బ్రదుకుటకు ఏది చచ్చినదో పిల్లలకు కూడ తెలియును. టీకా వేయించుకొన్న మనకు ఆ 20 కోతుల సంగతి ఎందరికి తెలియును? గృహస్థునకు విధింపబడిన ఐదు మహాయజ్ఞములలో భూతయజ్ఞమొకటి. ప్రాణులవలన బ్రదుకువాడు ప్రాణులకు అన్నము పెట్టవలెనని దాని తాత్పర్యము. ఋణము ఉన్నదని ఒప్పుకొన్నవానికే దానిని తీర్చుకొను బుద్ధి పుట్టును.

తీర్చుకొనుటకు మార్గము కూడ తెరువబడుచున్నది. 2023లో కేంద్రప్రభుత్వము నూతన ఔషధముల నియమావళిని సవరించి, జంతువులకు బదులుగా మానవకణములతో పెంచిన సూక్ష్మావయవములు, చిప్పుమీద అమర్చిన అవయవనమూనాలు, కంప్యూటరు గణనములు మొదలైన పద్ధతులను పరీక్షలలో వాడుటకు అనుమతించినది. అనుమతి వేరు, ఆచరణ వేరు. ప్రతి పరీక్షకును ఈ పద్ధతులు నేడు చాలవు, టీకాల రక్షణశక్తిని తేల్చుటలో మరీ చాలవు. వైరసును, కణమును, మాంసకృత్తును వశపరచుకొన్న శామీర్‌పేట ప్రయోగశాలలకు ఈ పని వశము కాదనుటకు నాకు కారణము కానరాదు. 1993లో, మేడ్చల్ సంస్థ పుట్టిన ఏట, అమెరికా టీకాను మనవారు తయారుచేయగలరన్నను నమ్మినవారు కొద్దిమందియే. ఒక కోతిచొప్పున, ఒక దూడచొప్పున ఆ సంఖ్యను తగ్గించుకొనుచు పోవు యత్నమునకు ఎంత ధనము కేటాయించుచున్నారో ఆ సంస్థలు ఏటేట ప్రజలకు తెలుపవలెను. తెలుపుడని టీకా పొందిన మనము అడుగవలెను.